ఏజెంటు ఎవరి మనిషి?

ప్రశ్న: మాది గుంటూరు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. మావారికి విజయవాడ బదిలీ అవడంతో పోరంకి, పెనమలూరు వైపు ఫ్లాట్ చూస్తున్నాం. ఒక ఏజెంటు ఆరేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూపించి 62 లక్షలు చెప్పాడు. కొంటే తనకు 1 శాతం ఇవ్వాలట. ఓనర్‌తో మాట్లాడతామంటే "ఆయన బిజీ అండీ, ఏదైనా నాతోనే" అంటున్నాడు. శ్రావణం వస్తే రేటు పెరుగుతుంది, ఈలోపే 2 లక్షలు టోకెన్ వేసెయ్యండని రోజూ ఫోన్. ఇంకో ఏజెంటు కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లు చూపిస్తూ "నాకు మీరు పైసా ఇవ్వక్కర్లేదు, బిల్డర్ ఇస్తాడు" అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా మరిది "ఇక్కడ అమ్మేవాళ్లే ఇస్తారు వదినా, కొనేవాళ్లు మీరెందుకివ్వాలి" అంటాడు. వాచ్‌మన్ దగ్గర ఓనర్ నంబర్ దొరికింది. నేరుగా వెళ్తే కమీషన్ మిగులుతుందని మావారి ఆలోచన. మాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఈ ఏజెంట్లు ఎవరి తరఫున పనిచేస్తారు? ఎవరిని నమ్మాలి?

— పేరు వద్దు, గుంటూరు

సమాధానం:

టీచర్ గారూ, మీరు చివర్లో అడిగినదే అసలు ప్రశ్న, కాబట్టి జవాబు అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఆ ఇద్దరిలో ఎవరూ మీ తరఫు మనిషి కాదు. వాళ్లు మోసగాళ్లని నా ఉద్దేశం కాదు. వాళ్లకు డబ్బు వచ్చే దారి అలాంటిది. ఇల్లు చేతులు మారితేనే ఏజెంటుకు రూపాయి. మారకపోతే నెలల తరబడి మిమ్మల్ని కారులో తిప్పినా పెట్రోలు ఖర్చు కూడా రాదు. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం కుదిర్చినట్టే ఇదీ: అటూ ఇటూ మంచిమాటే చెప్తాడు, కుదరడమే అతని పని, కుదిరాక కాపురం సంగతి అతనికి పట్టదు.

మీ 62 లక్షల ఫ్లాటుకే లెక్క వేద్దాం. మన వైపు పాత ఇళ్ల బేరాల్లో ఏజెంటు కొనేవాళ్ల దగ్గర 1 శాతం, అమ్మేవాళ్ల దగ్గర 1 శాతం తీసుకోవడం వాడుక. కొందరు 2 అడుగుతారు, బేరమాడితే దిగుతారు. ఇది చట్టం పెట్టిన రేటు కాదు, అలవాటు పెట్టిన రేటు. అంటే ఈ బేరం కుదిరితే అతనికి రెండు వైపులా కలిపి 1,24,000 రూపాయలు. ఇప్పుడు మీ కోసం గట్టిగా మాట్లాడి ఓనర్ చేత 2 లక్షలు తగ్గించాడనుకోండి. మీకు మిగిలింది 2 లక్షలు, అతనికి తగ్గింది 4 వేలు. ఆ 4 వేల కోసం అతను మీకు అడ్డుపడడు. అలాగని మీ 2 లక్షల కోసం ఓనర్‌తో పేచీ పెట్టుకుని చేతికొచ్చిన లక్షా పాతిక వేలను పోగొట్టుకోడు. అందుకే ఏ ఏజెంటైనా మీతో "ఇంకొంచెం పెంచండి", ఓనర్‌తో "ఇంకొంచెం తగ్గండి" అంటాడు తప్ప, "ఈ ఇల్లు వదిలెయ్యండి" అనే మాట అతని నోట రాదు.

ఇక్కడి దాకా నాకు అభ్యంతరం లేదు. అతని వ్యాపారం అతనిది. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది "ఏదైనా నాతోనే" అన్న మాట. దీని వెనక ఉండే పద్ధతి మీకు తెలియాలి.

మన దగ్గర చాలామంది ఓనర్లు ఏజెంటుతో శాతాల గొడవ పెట్టుకోరు. "నాకు 58 నెట్ రావాలి, పైన ఎంత తెచ్చుకుంటావో నీ ఇష్టం" అంటారు. దీన్నే నెట్ రేటు అంటారు. అప్పుడు ఏజెంటు మీకు 62 చెప్తాడు. మధ్యలో ఉన్న 4 లక్షలూ అతనివే. పైగా మీ దగ్గర 1 శాతం వేరే. మీరు ఎంత బేరమాడినా అది ఓనర్ దాకా వెళ్లదు, ఆ 4 లక్షల్లోనే ఆడుతుంది. 60కి దించి గెలిచామనుకుని మీరు ఇంటికెళ్తారు, అతను 2 లక్షలు జేబులో వేసుకుంటాడు. మీ ఏజెంటు ఇదే చేస్తున్నాడని నేననను. ఓనర్‌ని చూపించకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఏజెంటుని పక్కనపెట్టి నేరుగా కుదుర్చుకున్న పార్టీలు ఇంతకుముందు తగిలి ఉండొచ్చు. (మీవారి ఆలోచన చూస్తే ఆ భయం ఉత్తదేమీ కాదు.) కారణం ఏదైనా, ఓనర్‌తో ఎదురెదురుగా ఒక సిట్టింగ్ జరిగేదాకా మీరు ఒక్క రూపాయి కూడా కదపకండి. ఆ సిట్టింగులో ఏజెంటు కూడా కూర్చోనివ్వండి. రేటు మాత్రం ఓనర్ నోట వినండి. "మీ చేతికి ఎంత వస్తుందండీ" అని మామూలుగా అడగండి. ఇద్దరి ముఖాలు చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ఓనర్ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నాడని చెప్తే, వీడియో కాల్ పెట్టించండి. మన రెండు జిల్లాల్లో ఇలాంటి ఫ్లాట్లు కోకొల్లలు. ఓనర్ అక్కడ, జీపీఏ (ఓనర్ తరఫున వ్యవహరించే అధికారపత్రం) మీద సంతకం పెట్టే బావమరిది ఇక్కడ. ఆ జీపీఏలో అమ్మే అధికారం రాసి ఉందో లేదో మీ లాయర్ చదవాలి, ఏజెంటు కాదు. ఓనర్ ఎన్నారై అయితే టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) లెక్క కూడా మారిపోతుంది. అందుకు ఆడిటర్‌ని కలవండి. ఇక్కడే ఉండే ఓనర్ అయితే 50 లక్షలు, ఆపైన ఉన్న బేరంలో 1 శాతం, అంటే మీ లెక్కలో 62 వేలు, ఓనర్‌కిచ్చే డబ్బులోంచి పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాల్సింది మీరే. రిజిస్ట్రేషన్ అయ్యాక నోటీసు వస్తే ఏజెంటు ఫోన్ ఎత్తడు.

ఇక "పైసా ఇవ్వక్కర్లేదు" ఏజెంటు సంగతి. అతను చెప్పింది నిజమే. కొత్త అపార్ట్‌మెంట్లలో బిల్డరే కమీషన్ ఇస్తాడు. కానీ బిల్డర్ ఆ డబ్బు సొంత పొలం అమ్మి తెచ్చి ఇవ్వడు కదా. చదరపు అడుగు రేటులోనే అదీ కలిసి ఉంటుంది. రెండో సంగతి, అందరు బిల్డర్లూ ఒకేలా ఇవ్వరు. అమ్ముడుపోక మిగిలిన ఫ్లాట్ల మీద ఎక్కువ ఇస్తారు. ఏజెంటు మీకు ముందు చూపించే అపార్ట్‌మెంటు మీకు నప్పేది కావచ్చు, అతనికి ఎక్కువ గిట్టేది కావచ్చు. ఏది అన్నది మీకు తెలిసే దారి లేదు. సైట్ ఆఫీసుకు మొదటిసారి ఎవరితో వెళ్తారో జాగ్రత్తగా చూసుకోండి. అక్కడి పుస్తకంలో మీ పేరు పక్కన ఎవరి ద్వారా వచ్చారో రాసుకుంటారు. ఆ తర్వాత మీరొక్కరే వెళ్లి "ఏజెంటు లేడు, ఆ మేరకు తగ్గించండి" అంటే కుదరదు. కాబట్టి నచ్చిన అపార్ట్‌మెంటు మీ కంట పడితే ముందు మీరిద్దరే వెళ్లి అడగండి.

ఇంకో లెక్క ఏజెంటు చెప్పడు. కట్టడం ఇంకా పూర్తికాని ఫ్లాటు కొంటే మీ మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం), ఈ రెండూ ఉంటే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చన్న అధికారుల పత్రం) వచ్చాక అమ్మే ఫ్లాటుకూ, మీరు చూసిన పాత ఫ్లాటుకూ జీఎస్టీ లేదు. 62 లక్షల కొత్త ఫ్లాటు మీద 5 శాతమంటే 3,10,000. పాత ఫ్లాటు ఏజెంటు అడిగే 62 వేలు దాని ముందు ఎంత? ఉచితం అన్న మాట విని కొత్తదాని వైపు మొగ్గకండి. కొత్తదే కావాలనుకుంటే కొనుక్కోండి, కారణం మాత్రం అది కాకూడదు.

కొత్త ఫ్లాట్ల విషయంలో మీకున్న పెద్ద అండ రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. 2016లో వచ్చిన ఆ చట్టం ప్రకారం బిల్డరే కాదు, రెరా ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టర్ చేసుకుని నంబర్ తీసుకోవాలి. అది లేకుండా అమ్మితే రోజుకు 10 వేల చొప్పున, ఫ్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా ఉంది. విజిటింగ్ కార్డు మీద నంబర్ వెతకండి, లేకపోతే అడగండి. "అప్లై చేశామండీ, వస్తుంది" అంటే వచ్చాకే కలుద్దామనండి. అలాగే అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం గుర్తుంటే చాలామంది బయటపడేవాళ్లు. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సందుల్లో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ మినహాయింపులోకే వస్తాయి. అలాంటి చోట "రెరా అవసరం లేదండీ" అని ఏజెంటు అంటే అది అబద్ధం కాకపోవచ్చు. మీకు రక్షణ తక్కువన్నది కూడా అబద్ధం కాదు.

మీరు చూసిన పాత ఫ్లాటు ఒక ఓనర్ నుంచి ఇంకో ఓనర్‌కి జరిగే అమ్మకం. దానికి రెరా వర్తించదు. అక్కడ ఏజెంటుకూ మీకూ మధ్య ఉన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, మీరు పెట్టుకున్న మాట. ఆ చట్టంలో 219వ సెక్షన్ మీకు పనికొస్తుంది: వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదు. అంటే అగ్రిమెంటు రోజే మొత్తం కమీషన్ కక్కమనే హక్కు అతనికి లేదు. కొందరు అలా అడుగుతారు, మొహమాటానికి ఇచ్చేస్తాం. తర్వాత బ్యాంకు లోన్ రాక బేరం చెడితే ఆ డబ్బు వెనక్కి రాబట్టడం ఎవరి తరమూ కాదు.

మీ మరిది గారి మాట గురించి. ఆయన చెప్పింది నిన్నమొన్నటి అమెరికా. అక్కడ ఏళ్ల తరబడి అమ్మేవాళ్లు 5, 6 శాతం కమీషన్ ఇస్తే, దాన్ని అమ్మేవాళ్ల ఏజెంటూ కొనేవాళ్ల ఏజెంటూ పంచుకునేవాళ్లు. కొనేవాళ్లకు ఉచితంలా కనిపించేది. ఆ పద్ధతి మీద అమ్మినవాళ్లే కోర్టుకెళ్లారు. 2023 అక్టోబరులో మిస్సోరిలో జ్యూరీ వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 2024లో అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 418 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుని రాజీపడింది. ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి ఆ సంఘం లిస్టింగుల్లో (అమ్మకానికి ఉన్న ఇళ్ల జాబితాల్లో) పనిచేసే ఏజెంటు ఇల్లు చూపించే ముందే కొనేవాళ్లతో కాగితం రాసుకోవాలి. తనకు ఎంత ముట్టాలో అందులో స్పష్టంగా ఉండాలి. మీ మరిది ఇల్లు అంతకుముందు కొని ఉంటారు. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ కొనేవాళ్ల ఏజెంటు అని విడిగా ఒకడుంటాడు, అతనికి లైసెన్సు ఉంటుంది. మన బెంజి సర్కిల్ చుట్టుపక్కల మీరు ఎంత వెతికినా మీ ఒక్కరి కోసమే బేరమాడే ఏజెంటు దొరకడం కష్టం. ఆయన వ్యవస్థను ఇక్కడికి తెచ్చుకోలేం గానీ, ఆ కాగితాన్ని తెచ్చుకోవచ్చు.

ఆ కాగితానికి స్టాంపు పేపర్ కూడా అక్కర్లేదు. వాట్సాప్ మెసేజ్ చాలు. ఇలా పెట్టండి: "పోరంకి ఫ్లాటు విషయంలో, ఓనర్ గారితో మా సమక్షంలో కుదిరిన ధర మీద మీకు 1 శాతం ఇస్తాం. అందులో సగం అగ్రిమెంటు రోజు, మిగతాది రిజిస్ట్రేషన్ అయ్యాక. బేరం మా తప్పు లేకుండా రద్దయితే తీసుకున్న సగం తిరిగి ఇవ్వాలి. ఈ బేరంలో ఇంకెవరు ఉన్నా వాళ్ల వాటా మీరే చూసుకోవాలి. ఓనర్ నుంచి మీకు ఎంత వస్తుందో కూడా తెలియజేయగలరు." చివరి వాక్యానికి జవాబు రాకపోవచ్చు. రాకపోవడం కూడా ఒక జవాబే. చివరి నుంచి రెండో వాక్యం మాత్రం తప్పకుండా ఉంచండి. మన ఊళ్లలో ఒక్క ఫ్లాటు వెనక వాచ్‌మన్, టీ కొట్టు అతను, పక్క వీధి ఏజెంటు, దస్తావేజు రాసే ఆయన బంధువు ఇలా గొలుసుకట్టుగా ఉంటారు. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద నాకూ ఇవ్వాలంటూ ఇంకొకరు ప్రత్యక్షమవుతారు. మీ మాట ఒక్కరితోనే ఉండాలి. అతను ఏదైనా సంస్థ పేరు మీద జీఎస్టీ బిల్లు ఇచ్చేవాడైతే కమీషన్ మీద 18 శాతం అదనం. 62 వేలు కాస్తా 73,160 అవుతుంది. అది కలిపి చెప్పాడో విడిగా చెప్పాడో ముందే తేల్చుకోండి.

టోకెన్ 2 లక్షలు ఇప్పుడు వద్దు. శ్రావణం కథ నమ్మి తొందరపడకండి. మన రెండు ఊళ్లలో ఏజెంట్లకు ఎప్పుడూ ఏదో ఒక కథ దొరుకుతుంది. 2014 తర్వాత రాజధాని, 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు "ఇప్పుడు కొంటేనే చవక", 2025 మేలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక "ఇక ఆగదు". రేట్లు నిజంగా పెరగొచ్చు. కానీ ఆరేళ్ల పాత ఫ్లాటు ఈ వారంలో ఎగిరిపోదు. ఒకవేళ పోయినా, ఆ వైపు ఫ్లాట్లకు కరువు లేదు.

ఓనర్‌ని చూసి, ఈసీ (ఆస్తి మీద తాకట్లు, పాత లావాదేవీలు చూపే పత్రం) తీయించి, లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత ఓనర్ల దస్తావేజులు, మీ లాయర్ చేతిలో పెట్టి, ఆయన సరే అన్నాక బయానా ఇవ్వండి. డాక్యుమెంటులో పేరున్న ఓనర్ బ్యాంకు ఖాతాకే వెయ్యండి, ఏజెంటు ఖాతాకు కాదు, ఏజెంటు ఫోన్‌పేకు అసలే కాదు. రసీదులో "టైటిల్ సరిగా లేకపోయినా, బ్యాంకు లోన్ ఇవ్వకపోయినా పూర్తిగా వాపసు" అని రాయించండి. భార్యాభర్తల పేరు మీద ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. "కొంత క్యాష్ ఇవ్వండి, డాక్యుమెంటులో తగ్గించి రాద్దాం, మీకే ఖర్చు మిగులుతుంది" అని ఏజెంటు సలహా ఇస్తే తోసిపుచ్చండి. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. తీసుకున్నవాళ్ల మీద అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మీకు నష్టం ఇంకోలా. బ్యాంకు లోన్ కాగితం మీది ధరను బట్టే వస్తుంది. రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి పన్ను ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

లాయర్‌ని మాత్రం ఏజెంటు చూపించినవాణ్ని పెట్టుకోకండి. బ్యాంకు లాయర్ చూస్తాడు కదా అంటారు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు భద్రం కోసం. మీ సొంత లాయర్ ఫీజు బేరం కుదిరినా కుదరకపోయినా ఒకటే. ఈ మొత్తం వ్యవహారంలో "వద్దు" అని చెప్పినా నష్టపోని మనిషి ఆయనొక్కడే. ఏజెంటు కమీషన్‌లో పావలా తగ్గించుకోవాలని తపనపడేవాళ్లు లాయర్ ఫీజు దగ్గర చెయ్యి బిగపట్టుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు.

రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా "మొత్తం ఇంతవుతుంది, నాకిచ్చెయ్యండి" అంటే ఒప్పుకోకండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. 62 లక్షలకు 4,65,000. చలానా మీ పేరున కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి. దస్తావేజు రాసినందుకు ఇచ్చేది వేరు, అది రాసినవారికే ఇవ్వండి.

మిగిలింది మీవారి ఆలోచన. వాచ్‌మన్ ఇచ్చిన నంబర్‌తో వెనక దారిన వెళ్లడం నాకు నచ్చలేదు. ఆ ఫ్లాటు ఉందని మీకు తెలిసింది ఆ ఏజెంటు వల్ల. తాళం తెప్పించి చూపించింది అతను. 62 వేలు మిగులుతాయనుకుంటారు గానీ, ఓనర్ అతనికి మాటిచ్చి ఉంటే తెల్లారేసరికి అతనికి తెలిసిపోతుంది, అగ్రిమెంటు రోజు గొడవ మీ గుమ్మం ముందు జరుగుతుంది. ఆ నంబర్‌ని ఒక్క పనికి వాడుకోండి: ఏజెంటుకు చెప్పే ఓనర్‌కి ఫోన్ చేసి ఆదివారం కలుద్దామనండి, ఏజెంటుతో "మీరూ రండి" అనండి. రానంటే, కలవనివ్వనంటే, అప్పుడు ఆ ఫ్లాటే వదిలెయ్యండి.

సిట్టింగ్ జరిగి, ధర నేరుగా తేలితే అతని 1 శాతం అతనికివ్వండి. తీసుకున్నందుకు పని కూడా చేయించుకోండి. అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న కాగితం తేవడం, రిజిస్ట్రేషన్‌కు స్లాట్, ఇంటి పన్ను మీ పేరుకు మార్పించడం, కరెంటు మీటరు పేరు మార్పు, ఇవన్నీ తిరిగి తెలిసిన మనిషి చేస్తే మీకు సెలవులు మిగులుతాయి. మీటరు, ఇంటి పన్ను మీ పేరుకు మారేదాకా కమీషన్‌లో ఓ 10 వేలు ఆపి ఉంచుతామని మెసేజ్‌లోనే రాసెయ్యండి. కాస్త గొణుక్కుంటాడు, ఒప్పుకుంటాడు.